ఇద్దరు చాలన్నదెవరు?

నర్సమ్మ స్మారకోపన్యాస పాఠం, ఆర్మూర్



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూర్చున్నామో ఆమెను ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ పేరు పెట్టి పిలిచి ఎరగరు. అందరికీ నర్సమ్మే. ఏఎన్‌ఎంగా చేరారు, ఏఎన్‌ఎంగానే రిటైరయ్యారు. స్మారకోపన్యాసాలు మామూలుగా మంత్రుల పేరిటో, వైస్ చాన్సలర్ల పేరిటో జరుగుతుంటాయి. సబ్‌సెంటర్ నర్సు పేరిట ఒకటి జరపాలన్న ఆలోచన వచ్చినవాళ్లకు ముందుగా దండం పెడుతున్నాను. అయితే నేను ఆమెను పొగడడానికి రాలేదు. ఆమె చేత ప్రభుత్వం చేయించిన పని గురించి కొంచెం గట్టిగా మాట్లాడుకుందామని వచ్చాను.

సామాజిక, ఆర్థిక అభివృద్ధికీ జననాల తగ్గుదలకూ ఉన్న సంబంధం నాకిచ్చిన అంశం. యూనివర్సిటీల్లో దీన్ని గ్రాఫులు గీసి చెబుతారు. నర్సమ్మ చేతిలో గ్రాఫు లేదు, పెద్ద అట్టల రిజిస్టరు ఉండేది. అర్హులైన దంపతుల రిజిస్టరు అంటారు. ఇంటి నంబరు, భార్యాభర్తల వయసు, బతికున్న పిల్లలెందరు, అందులో మగ ఎందరు, ఆడ ఎందరు, ఆఖరి బిడ్డకు ఎన్నేళ్లు, ఏ కుటుంబ నియంత్రణ పద్ధతి వాడుతున్నారు. ఇంటింటికీ తిరిగి ఆ గడులు నింపాలి. ఆఖరి గడిలో రకరకాల పద్ధతులు రాయడానికి వీలుంది. ఆచరణలో పేజీలకు పేజీలు ఒకే మాట కనిపిస్తుంది: ఆపరేషన్. అది కూడా భార్యకే.

ఇలా ఎందుకైందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1974లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ప్రపంచ జనాభా సదస్సు జరిగింది. మన దేశం తరఫున వెళ్లిన ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్, అభివృద్ధిని మించిన గర్భనిరోధకం లేదన్నారు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండేళ్లు తిరక్కుండానే, 1976 ఏప్రిల్‌లో, అదే మంత్రి ప్రకటించిన జాతీయ జనాభా విధానం చదువులూ సంపాదనలూ పెరిగేదాకా ఆగలేమని తేల్చేసింది. ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ భాగం మగవాళ్లకు. 1977లో ఉత్తరాది ఓటర్లు దానికి జవాబిచ్చారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు. మగవాడికి ఓటుతో పాటు నోరూ ఉంది. పిల్లలు చాలనుకున్న ఆడమనిషి దగ్గరికి పోవడం తేలిక. కార్యక్రమం మొత్తం అటు మళ్లింది.

ఇక సిద్ధాంతం సంగతి. ఫ్యాక్టరీలు, పట్నాలు, బడులు, ఆస్పత్రులు వస్తే ముందు చావులు తగ్గుతాయి, కొంత ఆలస్యంగా పుట్టుకలూ తగ్గుతాయి అని 1940ల్లో ఫ్రాంక్ నోట్‌స్టైన్ వంటి అమెరికన్ జనాభా శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆడవాళ్ల చదువు దీనికి తాళంచెవి అని తర్వాతివాళ్లు చేర్చారు. మన దేశంలో అందుకు కేరళను చూపిస్తారు. కేరళ విషయంలో అది నిజమే. తెలుగు నేల మాత్రం ఈ సిద్ధాంతానికి లొంగలేదు.

మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో జరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. మహారాష్ట్రలో 2.9. హర్యానాలో 4. ఇప్పుడు 1991 జనగణన పక్కన పెట్టుకుని చూడండి. చదువొచ్చిన ఆడవాళ్లు మహారాష్ట్రలో నూటికి 52 మంది, హర్యానాలో 40 మంది, మన దగ్గర 33 మంది. తలసరి ఆదాయంలోనూ ఆ రెండు రాష్ట్రాలు మనకంటే ముందే ఉన్నాయి. సిద్ధాంతం ప్రకారం మన దగ్గర ఎక్కువమంది పుట్టాలి, అక్కడ తక్కువమంది పుట్టాలి. జరిగింది తలకిందులు. గోదావరికి అవతల నాందేడ్ ఉన్న రాష్ట్రం కంటే ఇవతల మనమే ముందు ఆగిపోయాం. 1998-99 నాటికి 2.25, 2005-06 నాటికి 1.8. జనాభా పెరగకుండా తరగకుండా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ప్రత్యేక తెలంగాణ రాకముందే ఆ గీత దాటి కిందికి వచ్చేశాం.

మన జిల్లా సంగతి. 2011లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతం. దేశ సగటు 73, కాబట్టి అది గొప్పగా చెప్పుకునే అంకె కాదు. ఆడవాళ్లలో సగానికి కాస్త ఎక్కువమందికి మాత్రమే చదువొచ్చు. అయినా 2001 నుంచి 2011 దాకా పదేళ్లలో జిల్లా జనాభా 9 శాతం లోపే పెరిగింది. దేశం మొత్తమ్మీద పెరుగుదల 17 శాతం దాటింది. వలసలు ఇందులో కొంత కారణమే. వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లున్న జిల్లా మనది, మగవాళ్లు ఎక్కడున్నారో దుబాయి, మస్కట్, కువైట్ చెప్పాలి. కానీ వలస ఒక్కటే ఇంత తేడా తేలేదు.

ఇలాంటి చిక్కుముడి మనకొక్కరికే ఎదురైందని అనుకోవద్దు. యూరప్‌లో పుట్టుకలు ఎప్పుడు, ఎక్కడ తగ్గాయో జిల్లాల వారీగా తేల్చడానికి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఆన్‌స్లీ కోల్ ఒక పెద్ద పరిశోధన నడిపించారు. ఫ్యాక్టరీల ఇంగ్లండ్ కంటే పల్లెటూళ్ల ఫ్రాన్స్‌లో ఎంతో ముందు తగ్గాయని అందులో మళ్లీ రుజువైంది. ఒకే భాష మాట్లాడే ప్రాంతాల్లో, ఆదాయాల్లో ఎంత తేడా ఉన్నా, దాదాపు ఒకేసారి తగ్గాయని కూడా తేలింది. అంటే పక్కింటివాళ్లను చూసి, చుట్టాలను చూసి మనుషులు మనసు మార్చుకుంటారు. ఆర్మూర్ ఆడబిడ్డను మెట్‌పల్లికి, బాల్కొండ ఆడబిడ్డను వేల్పూరుకు ఇచ్చుకునే ఈ ప్రాంతంలో అది ఎలా పాకుతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఒక తోడికోడలు ఇద్దరితో ఆపేసి బాగానే ఉందంటే రెండో తోడికోడలికి సర్వేలతో పనిలేదు.

మరి మొదటి తోడికోడలు ఎందుకు ఆపింది? నాకు తెలిసిన మంచి జవాబు పెర్కిట్‌లో, బీడీలు చేసే ఒకామె వాకిట్లో దొరికింది. ఒళ్లో చేట. ముందురోజు నానబెట్టిన తునికాకును అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి పక్కన పడేస్తోంది. మాట్లాడుతుంటే చెయ్యి ఆగలేదు, చూపు నా మీద ఉన్నా వేళ్లు తప్పలేదు. వెయ్యి బీడీలు కావాలంటే తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా ఇదే పని. పిల్లలెందరమ్మా అని అడిగాను. “మా అమ్మకు ఏడుగురం సార్. అందరం చేట పట్టినోళ్లమే. నాకు ఇద్దరే. ఆళ్లను చేట ముట్టనియ్యలె” అంది.

ఆమె బడి మొహం చూడలేదు. సంతకం చేస్తుంది, చదవలేదు. సర్వే లెక్కలో ఆమె నిరక్షరాస్యురాలు, సిద్ధాంతం ప్రకారం నలుగురైదుగురిని కనాల్సిన మనిషి. కానీ ఆమె మాటలో మొత్తం లెక్క ఉంది. వాళ్లమ్మకు ఏడుగురు పిల్లలంటే పద్నాలుగు చేతులు. ఆకు కత్తిరించే చిన్నవాళ్లు, చుట్టే పెద్దవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఇంటికి కొంత తెచ్చిపెడుతుంది. 1986 బాల కార్మిక నిషేధ చట్టం బీడీల తయారీని పిల్లలకు నిషేధిత పనుల జాబితాలో చేర్చింది, ఇంట్లో కుటుంబంతో కలిసి చేసే పనిని మాత్రం మినహాయించింది. బీడీలు చుట్టేదే ఇళ్లలో! ఆ చట్టం బీడీలు చేయించే టేకేదారు జోలికీ పోలేదు, చేట జోలికీ పోలేదు. బీడీలు బాగా చేసే పిల్ల అంటే పెళ్లి సంబంధాల్లో విలువ ఉండేది, పీఎఫ్ కార్డు ఉంటే ఇంకా విలువ.

పసుపు చేనుదీ అదే లెక్క. ఎకరానికి ఎనిమిది పది క్వింటాళ్ల విత్తనం పెట్టాలి, కలుపు తీయాలి, ఎనిమిది తొమ్మిది నెలలు కాపాడి తవ్వాలి, కొమ్మునూ మండనూ విడదీయాలి, ఉడకబెట్టాలి, రెండు వారాలు ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. అప్పుడు గాని నిజామాబాద్ యార్డు గేటు లోపలికి పోదు. ప్రతి మెట్టులోనూ చేతులే. ఇలాంటి పంట మీద బతికే ఇంట్లో ఎక్కువమంది పిల్లలు ఉండడం తెలివితక్కువ పని కాదు. పెద్దవాళ్లు లెక్క తెలియక కన్నారని ఇప్పటివాళ్లు అనుకుంటారు. వాళ్లకు వాళ్ల లెక్క బాగా తెలుసు.

ఆస్ట్రేలియా జనాభా శాస్త్రజ్ఞుడు జాన్ కాల్డ్‌వెల్ ఈ సంగతినే 1970ల్లో సిద్ధాంతంగా చెప్పాడు. సంపద పిల్లల నుంచి పెద్దలకు పారినన్నాళ్లూ ఎక్కువమంది పుడతారు, పెద్దల నుంచి పిల్లలకు పారడం మొదలైతే తగ్గిపోతారు. ఆ మలుపు తిప్పేది బడి అన్నాడు. ఆయన మాటల్లో నాకు బాగా నచ్చింది ఇక్కడే: తల్లి చదువుకుందా లేదా అన్నదానికంటే, పిల్లవాడు బడికి పోతున్నాడా లేదా అన్నది ముఖ్యం. బడికి పోయే పిల్ల చేట పట్టదు. పైగా ఫీజు అడుగుతుంది, డ్రెస్సు అడుగుతుంది, నోటుబుక్కులు అడుగుతుంది, పొద్దున్నే పసుపుపచ్చ బస్సు ఇంటి ముందు హారన్ కొడుతుంది. ఇంగ్లిష్ మీడియం ఫీజు ఇద్దరికి కట్టడమే కష్టం, ఏడుగురికి కట్టేదెవరు?

అందుకే నా అభిప్రాయం ఇది. ఆర్మూర్‌లో పుట్టుకలు తగ్గించింది వచ్చేసిన అభివృద్ధి అనేకంటే, తర్వాతి తరానికి వస్తుందనుకున్న అభివృద్ధి అనడం సరైనది. తనకు రాని చదువు పిల్లలకు వస్తుందని ఒక తల్లి నమ్మింది. నమ్మకానికి ఆధారాలు కళ్లముందే ఉన్నాయి. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు నీళ్లు పొలాలకు పారాయి. అంకాపూర్ రైతులు విత్తనాల వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కూలికి గిరాకీ వచ్చింది, అక్కడి నుంచి డబ్బు రావడం మొదలైంది. మేనల్లుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరాడు. తనకు రాకపోయినా పక్కవాడికి వచ్చింది కనిపిస్తే చాలు, మనిషి ఆశపడతాడు.

దీనికి ఒక షరతు ఉంది. కన్న ఇద్దరూ బతకాలి. నర్సమ్మ రిజిస్టరులో బతికున్న పిల్లలెందరని అడిగేది అందుకే. 1992-93 సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మంది పుడితే 70 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2019-21 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 26. టీకాలు, 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, దగ్గరలో ఒక డాక్టరు, అన్నీ కలిసి చేసిన పని అది. ఆపరేషన్ల టార్గెట్ల కోసం నర్సమ్మను తిట్టినవాళ్లున్నారేమో గాని, టీకాల పెట్టె భుజాన వేసుకొచ్చిన నర్సమ్మను తిట్టినవాళ్లు లేరు. మొదటి పనికి నమ్మకం తెచ్చింది రెండో పనే.

ఇప్పుడు గట్టిగా మాట్లాడాల్సిన చోటుకు వచ్చాను.

పుట్టుకలు తగ్గాయి కాబట్టి ఆడవాళ్ల బతుకు బాగుపడిందని లెక్కలు చూసి అనేస్తాం. కేరళలో అమ్మాయి చదువుకుంది, పెళ్లి ఆలస్యమైంది, కాబట్టి పిల్లలు తగ్గారు. మన దగ్గర పదహారేళ్లకే పెళ్లి చేశాం, ఇరవై దాటకుండా ఇద్దరిని కనేలా చేశాం, పాతికేళ్లలోపే ఆపరేషన్ బల్ల ఎక్కించాం. చదువు ఆగిన చోటే ఆగింది. 2019-21 సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 62 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 70 మందికి ఈ ఆపరేషన్ అయింది. దేశ సగటు 38. మాత్రలు, లూప్, నిరోధ్ అన్నీ కలిపినా దీని దరిదాపుల్లోకి రావు. పిల్లల మధ్య ఎడం పెట్టుకునే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఇచ్చింది ఒకే ఒక్క తలుపు, అది మూసే తలుపు. ఆపరేషన్ల క్యాంపు అయిన మూడోరోజు చేటో, కొడవలో పట్టిన ఆడవాళ్లు ఈ హాల్లోనే ఉండవచ్చు. ఇరవై నాలుగేళ్లకు కనడం ముగిసిన ఆ స్త్రీకి ముందు నలభై ఏళ్ల పనిచేసే వయసు ఉంది. ఆ నలభై ఏళ్లకు మనం చూపిన ఉద్యోగం ఏమిటి? మళ్లీ బీడీలే.

కార్యక్రమం తప్పని నేననడం లేదు. ఆ బీడీ తల్లి కోరుకున్నది ఆగిపోవడమే, ఆమెకు ఆగే మార్గం దొరికింది. కాని మగవాడికి పది నిమిషాల్లో అయిపోయే చిన్న ఆపరేషన్ ఉందని తెలిసీ, కడుపు కోసే పనినే రాష్ట్రమంతా పరిచిన తీరు తప్పు. 1994లో కైరో జనాభా సదస్సులో ప్రపంచ దేశాలు టార్గెట్లు వదిలేస్తామని ఒప్పుకున్నాయి, 1996లో మన దేశం కాగితం మీద వదిలేసింది. 1997లో అందరికంటే ముందు సొంత జనాభా విధానం ప్రకటించిన రాష్ట్రం మాత్రం మనదే, అందులో ఆపరేషన్లే ప్రధానం.

అంతకు ముందే 1994 పంచాయతీరాజ్ చట్టం ఇంకో పని చేసింది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారు సర్పంచ్‌గా, వార్డు మెంబరుగా పోటీ చేయరాదన్నది. 1995 మే చివరిదాకా గడువిచ్చింది. పంచాయతీకి పెట్టిన ఈ నిబంధన అసెంబ్లీకి పెట్టలేదు, పార్లమెంటుకు పెట్టలేదు. హర్యానాలో ఇలాంటి నిబంధననే సవాలు చేస్తే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. దళిత మహిళకు సర్పంచ్ సీటు రిజర్వయిన ఊరిలో, మూడో కాన్పు ఆమె ఇష్టంతో జరిగిందా, కొడుకు కావాలన్న అత్తింటివాళ్ల ఇష్టంతో జరిగిందా అని అడిగే గడి నామినేషన్ పత్రంలో ఉండేది కాదు.

అదే నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎత్తేసింది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గమూ ఎత్తేయాలని నిర్ణయించింది. ఎక్కువమందిని కనండి అని ఒకప్పుడు ఇద్దరు చాలన్న నాయకుల నోటనే వింటున్నాం. నిబంధన పోవడం మంచిదే. పోయిన కారణం మాత్రం వేరు. 1971 జనాభా లెక్కల దగ్గర స్తంభింపజేసిన లోక్‌సభ సీట్ల పంపకం, 2026 తర్వాతి జనగణనతో మళ్లీ కదలబోతోంది. కేంద్ర పన్నుల్లో తెలంగాణ వాటా 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.44 శాతం ఉంటే 15వ సంఘం దాన్ని 2.1కి దించింది. జనాభా అదుపుకు కొంత మార్కులు వేసినా, ఆదాయంలో వెనకబడ్డ రాష్ట్రాల వైపు మొగ్గే సూత్రం ముందు అవి నిలవలేదు. దక్షిణాది నాయకుల ఆందోళనలో న్యాయం ఉంది. దాన్ని రాజ్యాంగ సవరణతోనో, ఆర్థిక సంఘం సూత్రంతోనో తేల్చుకోవాలి. ఆర్మూర్ కోడలి కడుపుతో తేల్చుకుంటామంటే ఎలా?

కనమంటే కంటారా అన్నది వేరే ప్రశ్న. తెలంగాణలో సంతానోత్పత్తి రేటు 2020 నమూనా నమోదు లెక్కల్లో 1.5. దక్షిణ కొరియా ఏళ్ల తరబడి లక్షల కోట్లు కుమ్మరించినా 2023లో 0.72కు పడిపోయింది. బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో పుట్టుకలు మళ్లీ కాస్త లేస్తాయని 2009లో నేచర్ పత్రికలో మిర్‌స్కిలా, కోలర్, బిల్లారి ఒక వ్యాసం రాశారు. ఆడమనిషి ఉద్యోగం, పిల్లల పెంపకం రెండూ కుదిరే దేశాల్లో అలా జరగొచ్చన్న ఆశ పుట్టింది. తర్వాతి ఏళ్లలో నార్డిక్ దేశాల్లోనూ రేట్లు పడిపోవడంతో ఆ ఆశా పలచబడింది. అంతపని చేసిన దేశాలే నిలబెట్టుకోలేకపోతే, మూడో బిడ్డకు ఆవునిస్తాం, యాభై వేలిస్తాం అని ఒక ఎంపీగారు చేసిన ప్రకటనకు ఎంత బలముంటుందో మీరే చూడండి. ఇద్దరి ఫీజులు కట్టి అలసిన తల్లికి ఆవును మేపే ఓపిక కూడా ఉండాలి కదా!

మన ముందున్న అసలు పని ముసలివాళ్ల సంగతి, చేతుల సంగతి. ఏడుగురున్న తల్లికి ఎవరో ఒకరు అన్నం పెట్టేవారు. ఇద్దరిలో ఒకరు షార్జాలో, ఒకరు బెంగళూరులో ఉన్న తల్లికి ఆసరా పింఛనుంది, మోకాళ్ల నొప్పికి తోడు రావడానికి మనిషి లేదు. పుట్టుకలు తగ్గించడానికి ఊళ్లన్నిటికీ ఏఎన్‌ఎంలను పంపిన ప్రభుత్వం, ముసలితనానికి ఊరికొక మనిషిని పెట్టాలి. డబ్బు లేదనొద్దు, క్యాంపులకు డబ్బు ఎక్కడిదో అక్కడిదే.

చేతుల సంగతి మీకే బాగా తెలుసు. 2019 ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది ఇక్కడ పోటీకి దిగి దేశాన్ని ఇటు తిప్పారు. 2025 సంక్రాంతికి వాళ్లడిగిన పసుపు బోర్డు వచ్చింది, నిజామాబాద్‌లోనే. ఇప్పుడు రైతును అడిగితే ధర తర్వాత రెండో మాట కూలీల గురించే. నాట్లకు బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి జట్లు వస్తున్నాయి, పసుపు తవ్వకానికి మహారాష్ట్ర నుంచి వస్తున్నారు. బిహార్‌లో 2019-21 నాటికి కూడా ఒక్కో స్త్రీకి ముగ్గురు పిల్లలు. మన ఇళ్లలో పుట్టని చేతులు అక్కడ పుట్టి రైలెక్కి ఇక్కడికి వస్తున్నాయి. చేను గట్టున టార్పాలిన్ కింద వాళ్ల చిన్నపిల్లలు ఆడుకుంటుంటారు. తవ్వకాలు సాగే జనవరి నుంచి మార్చి దాకా ఆ పిల్లలకు ఏ బడీ లేదు, ఏ అంగన్‌వాడీ రిజిస్టరులోనూ వాళ్ల పేర్లు లేవు. ఒకప్పటి బీడీ పిల్లలు ఉన్న చోటే వాళ్లున్నారు. పసుపు బోర్డు ఆఫీసుకు, జిల్లా విద్యాశాఖకు నేను పెట్టే మొదటి అర్జీ ఇదే: తవ్వకాల మూడు నెలలు ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ మండలాల్లో వాళ్లకు హిందీలో, మరాఠీలో చెప్పే బడి నడపండి.

ప్రశ్నలుంటే అడగండి. ముందు వరుసల పెద్దమనుషులు కాసేపు ఆగితే, వెనక నిలబడ్డ ఆశా కార్యకర్తలతో మొదలుపెడదాం. రిజిస్టర్లు ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉన్నాయి.